చుక్కల వెనక

మార్చిలో బ్యాంకువాళ్ళు భయపెడితే
కంప్యూటరు పాస్‌వర్డు మార్చాను.
వీధి తలుపుకు కొత్త తాళం పడింది.
లోపలి పెట్టెకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు.

అప్పట్నుంచీ ఇదే వరస.
మెషీను నిద్రలేవగానే బూడిదరంగు కిటికీ ఒకటి లేచి
తాళాలగుత్తి తెరుచుకోలేదు, పాస్‌వర్డు చెప్పండి, అంటుంది.
చెబుతాను. కాదంటుంది.
రద్దు నొక్కుతాను. సరేనన్నట్టు తప్పుకుని
ఉత్తరాలు తెరవబోతే గుమ్మంలో నిలబడుతుంది.
బిల్లు రాయబోతే మళ్ళీ.
పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ.
అకార్డియన్ బాగుచేయించుకున్న పెద్దమనిషి
టోపీ చేత్తో పట్టుకుని ఎదురుగా ఎదురుచూస్తుంటాడు,
నా దుకాణంలో నన్నే ఎవరు నువ్వని అడుగుతుంటే
నేను జవాబు వెతుక్కుంటుంటాను.

లియెపాయ గాలికి కూడా ఇంత మొండితనం లేదు.
తలుపు తడుతుంది, తీయకపోతే
ట్రాము వెంటపడి పోతుంది.

జూలైలో మా తమ్ముడి కొడుకు రూడోల్ఫ్స్ వచ్చాడు,
సైకిలు లోపలికే తోసుకుంటూ.
"దానికి పాతదే కావాలత్తా.
చెబితే తెరుచుకుంటుంది.
లేదంటే గుత్తి మొత్తం పారేసి కొత్తది చేయాలి,
అందులో దాచినవన్నీ పోతాయి."

దాచినవంటే
ఇటలీ నుంచి రీడ్లు పంపేవాడి ఖాతా,
పన్నుల ఆఫీసు, కరెంటు కంపెనీ,
ఎప్పుడు చేరానో గుర్తులేని కుట్టుపని క్లబ్బు.

పాతది ఏంటత్తా?
ఏమో.
పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే కొట్టాను.
కొట్టింది వేళ్ళు, నన్నడిగితే?
కుక్క పేరు వేశాను. కాదు.
అమ్మ పుట్టిన సంవత్సరం. కాదు.
కుక్క పేరు తిరగేసి కూడా వేశాను,
రూడోల్ఫ్స్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

బల్ల మీద ఒక పాత హోనర్ కడుపు విప్పుకుని పడుంది.
ఎడమచేతి వైపు నూట ఇరవై బొత్తాలు,
వాయించేవాడి కంటికి ఒక్కటీ కనపడదు.
నడిమి దానికి మాత్రం చిన్న గుంట.
వేలు ఆ గుంటలో దిగితే చాలు,
మిగతావి చీకట్లోనే దారి చెబుతాయి.
కీబోర్డు మీద కూడా రెండు మీటలకు
గోటికి తగిలేంత చిన్న గీతలున్నాయి.
ఇన్నాళ్ళూ మురికనుకున్నాను.

కళ్ళు మూసుకున్నాను.
చూపుడు వేళ్ళు గీతల మీద ఆనాయి.
తర్వాత నేను లేను.
పరిగెత్తాయి, ఒకచోట తడబడి
అంకెల వైపు ఎగబాకి, దిగి, ఆగాయి.

కిటికీ పోయింది.

"ఏంటత్తా అది?"
వాడికి కనపడినవి చుక్కలే,
వరసగా పంతొమ్మిది నల్లటి చుక్కలు.
వేళ్ళు రాసినదాన్ని నేనూ అప్పుడే చదివాను, లోపల:
ఆండ్రిస్ బాకీ మూడు వందల నలభై లాట్లు.

ఆండ్రిస్ వీడి నాన్న.
వ్యాను ఇంజను కోసం తీసుకున్నాడు, వ్యాను తుక్కుకి పోయింది.
మరుసటేడు లాట్లు పోయి యూరోలొచ్చాయి,
ఆ నోట్లు చూపిస్తే అంగట్లో రొట్టె ఇవ్వరు.
ఆ సంగతి ఇద్దరం ఎప్పుడో మరిచాం.
పోయిన ఈస్టరుకి వాడే నాకు గుడ్లకు రంగులేసిచ్చాడు.
అయినా కాఫీ తాగకముందే, పదకొండేళ్ళు,
పలక మీద అక్షరాలు దిద్దినట్టు దిద్దాను.
బాకీ పాతబడింది, చేతిరాతే బాగుపడింది.

"నాన్నకు ఫోన్ చేసి చెప్పనా, తెరుచుకుందని?
రోజూ అడుగుతున్నాడు."
వద్దులే, అన్నాను.
కాసేపాగి, సరే చెప్పు, అన్నాను.

"ఇప్పుడు కొత్తది పెట్టాలత్తా,
తలుపుకూ పెట్టెకూ ఒకటే."
పాతదాంట్లో మొదటి ముక్క ఉంచి
మిగతాది తీసేశాను.
ఆరు చుక్కలు.
కింద ఎర్రగీత వెలిగింది.
బలహీనంగా ఉంది, అంది మెషీను.
"నిజమే అత్తా, చాలా బలహీనం."

ఉండనీరా.
ఆ పెద్దమనిషి బిల్లు రాయాలి.